ఎలుక మరచిపోయిందా, ఈదలేకపోయిందా? నీటి తొట్టె పరీక్ష చేసే పద్ధతి

ఫిబ్రవరి వచ్చిందంటే నా ఫోనుకు తీరిక ఉండదు. భీమవరం, తణుకు, అమలాపురం, రాజమండ్రి వైపు ఎం.ఫార్మసీ చివరి ఏడాది పిల్లలు ఎలుకను నీళ్ల తొట్టెలో వదిలి, నీళ్లలో దాచిన పీట ఉన్న చోటును గుర్తుపెట్టుకుందో లేదో చూసే పరీక్ష గురించి తిప్పి తిప్పి అడిగేది ఒకటే. "సార్, మెదడు దెబ్బతిన్న ఎలుకల గుంపు పీట దొరక్క నిమిషం పాటు తిరుగుతూనే ఉంది. జ్ఞాపకశక్తి పోయిందని రాసేయమంటారా?"

నేను ఎదురు అడిగేదీ ఒకటే. దానికి కళ్లు కనిపిస్తున్నాయా? కాళ్లాడుతున్నాయా? నీళ్లలోంచి బయటపడాలని అసలు దానికి ఉందా? అవతల చప్పుడు ఉండదు. ఈ మూడింటికీ జవాబు చేతిలో లేకుండా "మరచిపోయింది" అన్న మాట థీసిస్‌లో రాయకూడదు. ఆ జవాబులు ఎలా రాబట్టాలో ఇక్కడ చెబుతాను.

మెదడులో గాయం చేసే సర్జరీ గురించి ఇక్కడ రాయను. అది చదివి నేర్చుకునేది కాదు. అనుమతి వచ్చాక, చేయి తిరిగిన వారి పక్కన నిలబడి నేర్చుకోవాలి. గాయం అయ్యాక ఏం చేయాలన్నదే మన విషయం.

సిద్ధాంతం నాలుగు ముక్కల్లో

కార్ల్ లాష్లీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎలుకల మెదడు పైపొరను కొంత కొంత తీసి చిక్కుదారుల్లో వదిలాడు. ఎక్కడ తీశామన్నదాని కన్నా ఎంత తీశామన్నదాన్ని బట్టే తప్పులు పెరుగుతున్నాయని 1929లో ప్రకటించాడు. చిక్కుదారిలో ఎలుక వాసన, చూపు, కాళ్ల లెక్క అన్నీ వాడుకుంటుంది. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకుంటుంది. ఎక్కడ దెబ్బ తగిలిందో బయటపడాలంటే పరీక్ష ఇంకా సూటిగా ఉండాలి. అలాంటిది రిచర్డ్ మోరిస్ తొట్టె. హిప్పోక్యాంపస్ (చోటు జ్ఞాపకానికి కీలకమైన మెదడు భాగం) దెబ్బతిన్న ఎలుకలు నీళ్లలో మునిగి ఉన్న పీటను వెతుక్కోలేకపోయాయని, పైకి కనిపించే పీటను మాత్రం మామూలుగానే చేరాయని 1982లో ఆయన బృందం చూపింది. మన పిల్లలు మొదటి సగం చేసి రెండో సగం వదిలేస్తారు. కానీ రెండో సగం లేనిదే మొదటి సగానికి అర్థం లేదు.

కావలసినవి

- సంస్థ జంతు నైతిక సంఘం అనుమతి. ఫారం బి (అనుమతి దరఖాస్తు) పెట్టి, మంజూరైన సంఖ్య చేతికి వచ్చాకే మొదలుపెట్టాలి. 1998 నాటి నియమాల ప్రకారం ఇది తప్పనిసరి. అనుమతి తరవాత తెచ్చుకోవచ్చని ఎవరైనా అంటే వారి మాట వినకండి.
- నమోదైన పెంపక కేంద్రం నుంచి 200 నుంచి 250 గ్రాముల విస్టార్ ఎలుకలు (ప్రయోగశాల తెల్ల ఎలుకల రకం), గుంపుకు 8 నుంచి 10. చేలలో బుట్టలు పెట్టి పట్టినవి పనికిరావా అని ఏటా ఒకరైనా అడుగుతారు. పనికిరావు. వాటి వయసు, వంశం తెలియవు. పైగా లెప్టోస్పైరా అనే రోగక్రిమిని మోసుకొస్తాయి.
- 1.8 మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి తొట్టె. రొయ్య పిల్లల హేచరీల్లో వాడే ఫైబరు తొట్టె సరిగ్గా సరిపోతుంది. మన దగ్గర పాతవి చవకగా దొరుకుతాయి. లోపల నల్ల రంగు వేయించండి.
- 10 నుంచి 12 సెంటీమీటర్ల వెడల్పు పీట, నలుపుది లేదా పారదర్శకమైన ఆక్రిలిక్‌ది. పైన గరుకుగా ఉండాలి, లేకపోతే ఎలుక జారుతుంది.
- తొట్టె నడినెత్తిన కెమెరా. ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ లేకపోతే ఫోనును దూలానికి కట్టినా చాలు.
- థర్మామీటరు, స్టాప్‌వాచ్, పొడి తువ్వాళ్లు, వెచ్చదనానికి ఒక దీపం, చుట్టూ దించడానికి తెర.

1. ప్రశ్న తేల్చుకోండి

నేర్చుకోవడం పోయిందా, నేర్చుకున్నది పోయిందా? ఇవి రెండు వేర్వేరు ప్రయోగాలు. మొదటిదానికి ముందు గాయం, తరవాత శిక్షణ. రెండోదానికి ముందు శిక్షణ, తరవాత గాయం. గాయానికి ముందు ఒక్కరోజు కూడా శిక్షణ ఇవ్వకుండా "పాత జ్ఞాపకాలు చెరిగిపోయాయి" అని రాసిన థీసిస్ ఒకటి ఈ మధ్యే దిద్దాను.

రెండో రకమైతే శిక్షణకీ గాయానికీ మధ్య ఎన్ని రోజులన్నది చాలా ముఖ్యం. జీన్సూ కిమ్, మైకేల్ ఫ్యాన్‌సెలో 1992లో ఎలుకలకు ఒక పెట్టెలో షాకు భయం నేర్పారు. మర్నాడే హిప్పోక్యాంపస్‌కు గాయం చేస్తే ఆ పెట్టె అంటే భయం పోయింది. 28 రోజులు ఆగి చేస్తే నిలిచింది. షాకుతో జత చేసిన శబ్దం అంటే భయం మాత్రం ఎప్పుడు గాయం చేసినా పోలేదు. కాబట్టి ఎన్ని రోజులు ఆగారో ప్రతి ఎలుకకూ రాసి పెట్టుకోండి.

2. గుంపులు కట్టండి

కనీసం రెండు గుంపులు ఉండాలి: గాయం గుంపు, షామ్ గుంపు. షామ్ అంటే మత్తు, తల మీద కోత, ఎముకకు రంధ్రం, కుట్లు అన్నీ ఉంటాయి, మెదడులో గాయం ఒక్కటే ఉండదు. ఏమీ చేయని ఎలుకలతో పోలిస్తే తేడా మత్తుదో, నొప్పిదో, గాయానిదో చెప్పలేరు. సర్జరీ తరవాత కనీసం 7 నుంచి 10 రోజులు కోలుకోనివ్వండి. బరువు రోజూ చూడండి. బరువు తగ్గుతున్న ఎలుకను నీళ్లలో వదలకండి.

ఒకవైపే గాయం చేస్తే రెండో వైపు హిప్పోక్యాంపస్ చాలావరకు పని నెట్టుకొస్తుంది, తేడా తేలకపోవచ్చు. రెండు వైపులా చేయాలి.

సర్జరీ సౌకర్యం లేని కళాశాలల్లో స్కోపోలమైన్ అనే మందు వాడతారు. కిలోకు 1 మిల్లీగ్రాము, పరీక్షకు 30 నిమిషాల ముందు, కడుపులోకి సూది. ఇది గాయం కాదు, కొద్ది గంటల మతిమరుపు మాత్రమే. థీసిస్‌లో ఈ రెంటినీ కలపకండి. ఒక చిక్కు కూడా ఉంది. ఈ మందు కంటిపాపను పెద్దది చేస్తుంది, చూపు మసకబారుతుంది. అందుకే మెదడులోకి దాదాపుగా వెళ్లని మిథైల్ స్కోపోలమైన్‌తో ఇంకో గుంపు పెట్టండి. ఆ గుంపు కూడా తడబడితే మీరు కొలిచింది జ్ఞాపకం కాదు, కంటి చూపు.

3. తొట్టె నింపండి

మన ప్రాంతంలో ప్రయోగాలు ఎక్కువగా చెడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నీళ్లు 22 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు మార్చి చివరికే 32 దాటతాయి. అంత గోరువెచ్చటి నీళ్లలో ఎలుకకు బయటపడాలన్న తొందర ఉండదు, తేలుతూ కూర్చుంటుంది. మీరేమో దాన్ని మతిమరుపు ఖాతాలో రాస్తారు. మరీ చల్లబరిస్తే నాలుగో ట్రయలుకు (నాలుగోసారి నీళ్లలో వదిలేసరికి) వణికిపోయి కాళ్లాడవు. అదీ మతిమరుపులాగే కనిపిస్తుంది.

1.8 మీటర్ల తొట్టెలో 35 సెంటీమీటర్ల లోతు నీళ్లు పోస్తే సుమారు 890 లీటర్లు. దాన్ని 32 నుంచి 24కు దించాలంటే దాదాపు 70 కిలోల ఐసు కావాలి. మనకు ఐసుకు కొదవ లేదు, రొయ్యల లోడు కోసం ఊరూరా ఐసు ఫ్యాక్టరీ ఉంది. కానీ 70 కిలోల ఐసు కరిగితే మట్టం దాదాపు 3 సెంటీమీటర్లు పెరుగుతుంది. పొద్దున పీట మీద 2 సెంటీమీటర్ల నీళ్లు ఉండేలా అమర్చి, ఆ తరవాత ఐసు వేశారనుకోండి. పీట 5 సెంటీమీటర్ల లోతుకు పోతుంది. ఎలుక దాని మీదుగా ఈదుకుంటూ వెళ్లిపోతుంది, కాలికి తగలదు. ఒక కళాశాలలో షామ్ గుంపు మొత్తం ఇలాగే "మరచిపోయింది". ఆ ఎలుకల బుర్రలో లోపమేమీ లేదు.

కాబట్టి మట్టం 3 సెంటీమీటర్లు తక్కువగా నింపి ఐసు వేయండి. లేదా ఐసును మూత కట్టిన పాలిథిన్ సంచుల్లో వేసి, నీళ్లు చల్లబడ్డాక సంచులు తీసేయండి. తరవాత కర్రతో బాగా కలపండి. చన్నీళ్లు అడుగున, వేడినీళ్లు పైన నిలుస్తాయి. మూడు చోట్ల థర్మామీటరు పెట్టి చూసి, చివరగా స్కేలుతో పీట మీద 1 నుంచి 2 సెంటీమీటర్ల నీళ్లు ఉన్నాయో లేదో కొలవండి. ఐసు ముక్క తేలుతుండగా ఎలుకను వదలకండి.

పీట కనిపించకుండా పాలపొడి కలపమని పాత పద్ధతుల్లో ఉంటుంది. మన ఎండకు అది రెండో రోజుకే కంపు కొడుతుంది. నల్ల తొట్టె, నల్ల పీట, తేట నీళ్లు చాలు. తెల్ల ఎలుక కెమెరాకు కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

4. గదిలో గుర్తులు పెట్టండి

ఎలుక పీటను చూసి రాదు. చుట్టూ ఉన్న వాటిని బట్టి చోటు లెక్కగట్టుకుని వస్తుంది. విస్టార్ ఎలుకల చూపు అంతంతమాత్రం. గోడలకు ఏ4 కాగితం మీద చిన్న చిన్న బొమ్మలు అంటిస్తే వాటికి ఆనవు. అర మీటరుకు తగ్గని నల్ల త్రిభుజం, అడ్డ చారల గుడ్డ, గుండ్రటి అట్ట లాంటివి వేర్వేరు గోడలకు కట్టండి.

మీరు కూడా ఒక గుర్తే. ఎలుకను వదిలాక రోజూ ఒకే చోటికి వెళ్లి నిలబడండి. నా మొదటి ప్రయోగంలో ప్రోబ్ (పీట తీసేసి చూసే పరీక్ష) రోజు పొద్దునే గది ఊడ్చడానికని ఎవరో బీరువా పక్కకు జరిపారు. షామ్ గుంపుతో సహా అన్నీ దిక్కులు చూశాయి. ఆ రోజు నుంచి గది తాళం నా జేబులోనే ఉంటుంది.

తారీఖులు కూడా చూసుకోండి. సంక్రాంతి వారంలో ఈ చుట్టుపక్కల మైకులు, బాణసంచా, కోడిపందాల బరుల దగ్గర కేకలు ఆగవు. ఎలుకల వినికిడి మనకన్నా చురుకు. అక్టోబరు, నవంబరులో తుపాను వస్తే కరెంటు పోయి జంతుశాల వెలుగు చీకట్ల వేళలు తారుమారవుతాయి. దీపాల టైమరుకు ఇన్వర్టరు పెట్టించండి.

5. మాలిమి చేసుకోండి

శిక్షణకు ముందు అయిదు రోజులు, రోజూ రెండు మూడు నిమిషాలు ఒక్కో ఎలుకనూ చేతిలోకి తీసుకోండి. ఈ పని విసుగని వదిలేసిన వాళ్ల ఎలుకలు మొదటి రెండు రోజులూ భయంతో గోడ పట్టుకుని తిరుగుతాయి. పంజరంలో ఊక వేస్తారు కదా, రైసుమిల్లు నుంచి తెచ్చినదాన్ని నేరుగా వేయకండి. అక్కడ చేల ఎలుకలు తిరిగి ఉంటాయి. ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములు చంపే యంత్రం) పెట్టాకే వాడండి.

ఏ ఎలుక ఏ గుంపుదో దాన్ని వదిలే వ్యక్తికి తెలియకూడదు. ఇంకొకరితో సంకేత సంఖ్యలు వేయించి, జాబితా కవరులో పెట్టి అంటించండి.

6. శిక్షణ: అయిదు రోజులు, రోజుకు నాలుగు ట్రయళ్లు

తొట్టెను మనసులో నాలుగు పావులు చేయండి. పీట ఒక పావు మధ్యలో, ఉదాహరణకు నైరుతిలో, అయిదు రోజులూ కదలకుండా ఉండాలి. (వాస్తు చూడనక్కరలేదు, ఏ మూలయినా ఒకటే.) ఎలుకను తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నుంచి రోజూ క్రమం మార్చి వదలండి. పీట నైరుతిలో ఉంటే పడమర, దక్షిణం దగ్గర. ఉత్తరం, తూర్పు దూరం. అందుకే ప్రతి రోజూ నాలుగూ రావాలి. ఒకరోజు అన్నీ దగ్గరవే పడితే ఆ రోజు ఎలుకలు ఉన్నట్టుండి తెలివి మీరినట్టు కనిపిస్తాయి.

ముఖం గోడ వైపు ఉండేలా, మెల్లగా నీళ్లలోకి దించండి. పైనుంచి పడేయకండి. 60 సెకన్లలో పీట దొరకకపోతే చేత్తో దారి చూపి పీట మీదికి చేర్చండి. దొరికినా దొరకకపోయినా 15 నుంచి 30 సెకన్లు పీట మీద ఉండనివ్వండి. చుట్టూ చూసి చోటు గుర్తుపెట్టుకునేది ఆ సమయంలోనే. దూకేస్తే మళ్లీ ఎక్కించండి. తరవాత తుడిచి దీపం కింద పెట్టండి. తల మునుగుతుంటే, ఈత ఆపేస్తే, వెంటనే తీయండి. డేటా కోసం ఆగకూడదు.

7. ప్రోబ్ పరీక్ష

చివరి శిక్షణ అయిన 24 గంటలకు పీట తీసేసి, ఒక్కసారి, 60 సెకన్లు వదలండి. ఎలుకకు చోటు గుర్తుంటే పీట ఉండిన పావులోనే తిరుగుతుంది. ఏమీ గుర్తులేని ఎలుకకైనా 25 శాతం, అంటే 15 సెకన్లు, దానంతట అదే వస్తుంది. కాబట్టి రెండు గుంపుల్నీ ఒకదానితో ఒకటి పోల్చి వదిలేయకండి. ప్రతి గుంపునూ 25 శాతంతో విడిగా పోల్చండి. మొదటి 30 సెకన్ల లెక్క కూడా వేరుగా తీయండి. బాగా నేర్చుకున్న ఎలుక పీట లేదని గ్రహించి రెండో సగంలో వేరే చోట వెతుకుతుంది. మొత్తం నిమిషం లెక్క చూస్తే దాన్ని మందమతి అనుకుంటారు.

8. కనిపించే పీట: దీన్ని వదలకండి

తొట్టె చుట్టూ తెర దించండి. పీటను నీటికి 2 సెంటీమీటర్లు పైకి లేపి, మీద చిన్న జెండా గుచ్చండి. ఒక్కో ట్రయలుకు ఒక్కో పావులో పెట్టి నాలుగుసార్లు చేయండి.

గాయం గుంపు ఇక్కడ షామ్‌తో సమానంగా చేరితే కళ్లు, కాళ్లు, ఆసక్తి మూడూ బాగున్నట్టు. అప్పుడు మునిగిన పీట దగ్గర వచ్చిన తేడాను చోటు జ్ఞాపకానికి ఆపాదించవచ్చు. ఇక్కడా ఓడిపోతే ఆ మాట రాయడానికి వీల్లేదు. గాయం ఎక్కడ చేశారన్నది కూడా చూసుకోండి. మార్క్ ప్యాకార్డ్, జేమ్స్ మెక్‌గా 1992లో తొట్టెలోనే చేసిన పనిలో, ఫోర్నిక్స్ (హిప్పోక్యాంపస్ నుంచి వెళ్లే నరాల కట్ట) దెబ్బతిన్న ఎలుకలు చోటును గుర్తుపెట్టుకోవడంలో తడబడ్డాయి. కాడేట్ (మెదడు లోపలి ఇంకో భాగం) దెబ్బతిన్నవి గుర్తును బట్టి సరైన పీటను పోల్చుకోవడంలో తడబడ్డాయి.

9. లెక్కలు వేయండి

సెకన్లు మాత్రమే రాసుకుంటే మోసపోతారు. కిందటేడు ఒక అమ్మాయి తెచ్చిన వీడియోల్లో రెండు ఎలుకలకూ 22 సెకన్లే. ఒకటి అయిదున్నర మీటర్లు అడ్డదిడ్డంగా ఈది, వెతికి వెతికి పీటకు తగిలింది. రెండోది వెనక కాలు సరిగా ఆడక నింపాదిగా, దాదాపు సూటిగా, రెండే మీటర్లు ఈది పీట ఎక్కింది. మొదటిదానికి దారి తెలియదు. రెండోదానికి దారి తెలుసు, వేగం లేదు. పట్టికలో మాత్రం రెండూ కవల పిల్లలు. అందుకే ఈదిన దూరం, వేగం తప్పనిసరిగా తీయండి. సాఫ్ట్‌వేర్ లేకపోతే కంప్యూటర్ తెర మీద పారదర్శక కాగితం పెట్టి స్కెచ్ పెన్నుతో దారి గీసి, దారం పరిచి కొలవండి. ఓపిక కావాలి కానీ లెక్క సరిగానే వస్తుంది.

గోడ వారగా ఎంతసేపు తిరిగిందో కూడా రాయండి. అయిదో రోజుకు కూడా గోడను వదలని ఎలుక మరచిపోలేదు. నడిమధ్యకు రావాలనే దానికి తోచలేదు.

ఇక గణాంకాల్లో అందరూ చేసే తప్పు. 8 ఎలుకలు, నాలుగేసి ట్రయళ్లు, కాబట్టి 32 అని లెక్కవేస్తారు. కాదు, 8. ఒక్కో ఎలుక నాలుగు ట్రయళ్ల సగటును ఆ రోజుకు ఒకే విలువగా తీసుకోండి. అదే ఎలుకలను అయిదు రోజులు కొలిచారు కాబట్టి రిపీటెడ్ మెజర్స్ అనోవా (అవే జంతువులను మళ్లీ మళ్లీ కొలిచినప్పుడు వాడే గణాంక పరీక్ష) వాడాలి.

తొట్టె పెట్టే వీలు లేకపోతే

కొత్త వస్తువును గుర్తుపట్టే పరీక్ష చేయండి. నీళ్లు వద్దు, షాకు వద్దు. కానీ వస్తువుల్ని ట్రయలుకూ ట్రయలుకూ మధ్య స్పిరిటుతో తుడవకపోతే ఎలుక వాసనను బట్టి పోతుంది. వై ఆకారపు చిక్కుదారి ఇంకా తేలిక. అందులో వరస మార్పులను (మూడు దారుల్లోకీ ఏదీ మళ్లీ తొక్కకుండా వరసగా వెళ్లిన సార్లు) మొత్తం ప్రవేశాలలోంచి 2 తీసేసి భాగించాలి. చీకటి గదిలోకి వెళ్తే షాకు కొట్టే పరీక్ష మన కళాశాలల్లో బాగా వాడుకలో ఉంది. నాకు మాత్రం దాని మీద నమ్మకం తక్కువ. హిప్పోక్యాంపస్ దెబ్బతిన్న ఎలుకలు నిలకడగా ఉండవు, అటూ ఇటూ పరిగెడుతుంటాయి. షాకు గుర్తున్నా కాళ్లాగక చీకటి గదిలో అడుగు పెట్టవచ్చు. ఆ పరీక్షే చేయాలంటే షాకుకు ముందు ఎంతసేపటికి అడుగు పెట్టిందో, ఖాళీ పెట్టెలో ఎంత తిరుగుతుందో కూడా కొలవండి.

10. మెదడు కోసి చూడండి

పరీక్షలన్నీ అయ్యాక, అనుమతి పత్రంలో రాసిన పద్ధతిలోనే ప్రాణం తీసి, మెదడును ఫార్మలిన్‌లో స్థిరపరచి, అడ్డంగా పలుచటి కోతలు కోయించి క్రెసిల్ వయొలెట్ అనే రంగు వేయించండి. గాయం అనుకున్న చోట పడిందా, రెండు వైపులా ఉందా, పక్క భాగాలకు పాకిందా? గురి తప్పిన ఎలుకలు ప్రతి ప్రయోగంలోనూ ఒకటో రెండో ఉంటాయి. వాటిని తీసేయాలి, ఎందుకు తీశారో థీసిస్‌లో రాయాలి.

తీసేయడానికి మాత్రం ఒక వరస ఉంది. స్లైడులు చూసే వ్యక్తి ఏ ఎలుక ఎంత బాగా ఈదిందో చూసి ఉండకూడదు. ముందు స్లైడులు చూసి, ఉంచేవి, తీసేసేవి సంకేత సంఖ్యలతో కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఆ తరవాతే అంటించిన కవరు చింపండి.